మెరుగు పెట్టిన చేతులు

ఇతరులతో పేచీ పెట్టుకునే ముందు నా తప్పు నేను చెప్పుకుంటాను.

2003లో ఒక ఫెలోషిప్ మీద ఆరు నెలలు ఇంగ్లండులో ఉన్నాను. తిరిగి వచ్చే ముందు ఒక చిన్న ఊళ్లో, చర్చి హాల్లో పెట్టిన పాతవస్తువుల సంతలో ఒక టీ పెట్టె కొన్నాను. మహాగనీ కర్రది. జానెడు పొడవు, అంతకంటే కాస్త తక్కువ ఎత్తు. అంచుల వెంట లేతపసుపు సాటిన్‌వుడ్‌తో పొదిగిన సన్నటి గీత. లోపల సీసపు రేకు అతికించిన రెండు అరలు, ఒకటి పచ్చ టీ ఆకుకి, ఇంకొకటి నల్ల టీ ఆకుకి. ముందువైపు తాళం ఉంది కానీ తాళంచెవి లేదు. తాళం చుట్టూ కర్ర చిట్లి, తర్వాత అతికించిన మచ్చ కనిపిస్తోంది. ఎవరో ఎప్పుడో పెకలించారు. "ఆ లోపం లేకపోతే ఈ ధరకి మీకు వచ్చేది కాదు" అన్నాడు అమ్మేవాయన. తర్వాత, "మూత మీద చెయ్యి పెట్టి చూడండి. అది పాలిష్ కాదు, పటీనా. రెండొందల ఏళ్లకి గాని రాదు" అన్నాడు. పెట్టి చూశాను. నిజంగానే ఆ మెరుపు కర్ర మీద కాక కర్ర లోపల ఉన్నట్టుంది. ఆ నెల నాకు మిగిలిన డబ్బంతా ఇచ్చేశాను.

విశాఖలో మా ఇంటికి వచ్చాక ఒకరోజు మా ఇంట్లో పనిచేసే ఆమె ఆ పెట్టెని తడిగుడ్డతో తుడుస్తుంటే చూసి కేక వేశాను. "అది రెండొందల ఏళ్ల మెరుపు, నువ్వు పాడుచేసేస్తున్నావు" అన్నాను. ఆమె గుడ్డ పక్కన పెట్టి, "తుడిస్తేనే కదేటమ్మా మెరిసీది? తుడవకండా మెరుస్తాదేటి?" అంది. కోపంగా కూడా అనలేదు. తెలియని పిల్లకి చెప్పినట్టు చెప్పింది.

ముప్పై ఏళ్లు ఇంగ్లీషు సాహిత్యం చెప్పినదాన్ని, స్త్రీల శ్రమ గురించి సెమినార్లలో పేపర్లు చదివినదాన్ని, ఆ మాటకి జవాబు చెప్పలేకపోయాను. ఆమె అన్నది అక్షరాలా నిజం. పటీనా అంటే ఏమిటి? తేనెమైనం, అవిసె నూనె, అరచేతి వేడి, గుడ్డ రాపిడి. వీటితో ఒక చెయ్యి రోజూ చేసిన పని. ఆ చేతిని మర్చిపోయి మెరుపుని మాత్రం కొనుక్కోవడం ఎలా సాధ్యమైంది నాకు? ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే.

జార్జియన్ వస్తువులు అని సేకరణదారులు పిలిచేవి స్థూలంగా 1714 నుంచి 1830 దాకా, నలుగురు జార్జి రాజుల కాలంలో ఇంగ్లండులో తయారైన కుర్చీలు, బల్లలు, బీరువాలు, వెండి సామాను, పింగాణీ, గడియారాలు. ఇవి అందమైనవి కావని నేను అనను. ఆ కొలతలు, ఆ సన్నటి కాళ్లు, కర్రలోని తీగలు రెండువైపులా అద్దంలో చూసుకున్నట్టు కలిసేలా పలకలు అతికించడం చూస్తే ఎవరైనా ఆగి చూస్తారు. నా పేచీ ఆ అందంతో కాదు, ఆ అందానికి లెక్క కట్టే పద్ధతితో.

వేలం కేటలాగు ఏది తిరగేసినా ఒక వస్తువు విలువని పెంచేవి ముఖ్యంగా రెండు కనిపిస్తాయి. ఒకటి ప్రావెనెన్స్, అంటే ఆ వస్తువు ఎవరి దగ్గర్నుంచి ఎవరికి వచ్చిందనే వంశావళి. రెండోది పటీనా. మొదటిది పూర్తిగా రాసిపెడతారు. ఫలానా ప్రభువు, ఆయన కొడుకు, ఆయన మనవడు, ఆ తర్వాత ఫలానా వేలం. కర్రకి కూడా గోత్రం ఉంటుందన్నమాట, అది కూడా తండ్రి వైపు నుంచే వస్తుంది. చేసినవాడి పేరు తెలియకపోయినా ఫరవాలేదు, కూర్చున్నవాడి పేరు తెలిస్తే ధర పెరుగుతుంది. రెండోదాన్ని, అంటే పటీనాని, 'కాలం ఇచ్చిన కానుక' అన్నట్టు రాస్తారు. కాలం వచ్చి బల్ల తుడవదు. తుడిచింది పనిమనుషులు. చాలావరకు ఆడవాళ్లు. మొదటి లెక్కలో యజమానుల పేర్లన్నీ ఉన్నాయి. రెండో లెక్కలో ఒక్క పేరూ లేదు. అమ్మకంలో మాత్రం రెండూ డబ్బయ్యాయి.

ఇది నా ఊహ అనుకోకండి. కెంట్ ప్రాంతంలో ప్రసిద్ధుడైన కాగితం తయారీదారు జేమ్స్ వాట్‌మన్ భార్య సుసానా వాట్‌మన్ 1776లో తన ఇంటి పనివాళ్ల కోసం సూచనలు రాసుకోవడం మొదలుపెట్టింది. అవి పుస్తకంగా దొరుకుతున్నాయి. ఏ గదిలోకి ఏ పూట ఎండ వస్తుందో, సామాను వెలిసిపోకుండా కిటికీ తెరలు ఎప్పుడు దించాలో పనిమనిషికి అందులో చెబుతుంది. వంటల పుస్తకంతో పేరు తెచ్చుకున్న హన్నా గ్లాస్ 1760లో 'ది సర్వెంట్స్ డైరెక్టరీ' అని పనివాళ్ల కోసమే ఒక పుస్తకం వేసింది. 1785లో బ్రిటిష్ ప్రభుత్వం ఇళ్లలో ఆడ పనిమనుషుల్ని పెట్టుకున్నందుకు యజమానుల మీద పన్ను వేసింది, 1792లో ఎత్తేసింది. పన్ను వెయ్యడానికి ఈ స్త్రీల సంఖ్య లెక్కకి వచ్చింది. కుర్చీ చరిత్ర రాయడానికి మాత్రం రాలేదు. సేకరణదారు ఈ రోజు ఒక బల్ల మీద అరచెయ్యి ఆనించి పరవశించేటప్పుడు ఆయన తాకుతున్నది ఎన్నో తరాల పనమ్మాయిల ఉదయాలని. వాటి ధర మాత్రం ఆఖరుగా అమ్మినవాడి జేబులోకి పోయింది.

ఈ రంగంలో తొలి పెద్ద చరిత్ర పుస్తకం పెర్సీ మకాయిడ్ రాశాడు. 1904 నుంచి 1908 దాకా నాలుగు సంపుటాలుగా వచ్చింది. ఆయన ఇంగ్లీషు ఫర్నిచర్ చరిత్రని ఓక్ యుగం, వాల్‌నట్ యుగం, మహాగనీ యుగం, సాటిన్‌వుడ్ యుగం అని విభజించాడు. యుగాలకి కర్రల పేర్లు! ఇది చూడ్డానికి అమాయకంగా ఉంటుంది. కానీ మహాగనీ ఇంగ్లండు అడవుల్లో పెరగదు. 1721లో బ్రిటిష్ పార్లమెంటు అమెరికా ఖండంలోని తన వలసల నుంచి వచ్చే కలప మీద దిగుమతి సుంకం తీసేసింది. దాంతో జమైకా మహాగనీ ఓడలకెత్తి రావడం మొదలైంది. దాన్ని నరికింది, మోసింది ఆఫ్రికా నుంచి పట్టి తెచ్చిన బానిసలు. జమైకాలో మంచి చెట్లు తరిగాక హోండురాస్ తీరానికి, ఇప్పటి బెలీజ్‌కి పోయారు. అక్కడ కూడా గొడ్డలి బానిసల చేతిలోనే ఉంది. 'మహాగనీ యుగం' అన్న మాటని దాని అసలు పేరుతో పిలిస్తే ఏ డ్రాయింగ్ రూములోనూ ఆ పుస్తకం పెట్టుకోలేరు.

థామస్ చిప్పెండేల్ పేరు వినని సేకరణదారు ఉండడు. 1754లో ఆయన తన నమూనాల పుస్తకం అచ్చువేశాడు. ఆయనకి దొరికిన అతి పెద్ద పని యార్క్‌షైర్‌లోని హేర్‌వుడ్ హౌస్‌ది. ఆ ఇల్లు కట్టిన లాసెల్స్ కుటుంబం డబ్బు బార్బడోస్‌లోని చెరకు తోటల నుంచి, ఆ తోటల వాళ్లకి ఇచ్చిన అప్పుల నుంచి, బానిసల వ్యాపారం నుంచి వచ్చింది. కర్ర నరికినవాళ్లూ బానిసలే, కర్రకి డబ్బు కట్టిన చెరకు పండించినవాళ్లూ బానిసలే. మధ్యలో ఒక గొప్ప పనివాడి చెయ్యి ఉంది, కాదనను. కానీ ఆ ఒక్క చెయ్యినే చూపించి మిగతా చేతుల్ని మూసిపెట్టడాన్నే మనం అభిరుచి అంటున్నాం.

ఇక్కడిదాకా చెప్పినది చాలామంది మిత్రులు ఒప్పుకుంటారు. అసలు పేచీ ఇక మొదలవుతుంది, అది మనలో మనకి.

స్త్రీవాద విమర్శలో కొంతకాలంగా ఒక వాదన బలంగా వినిపిస్తోంది. పెద్ద చరిత్ర మగవాళ్లది కాబట్టి చిన్న వస్తువుల్లో స్త్రీల చరిత్ర వెతకాలి అంటారు. కుట్టుపని బల్ల, టీ పెట్టె, రాత డెస్కు, విసనకర్ర, ఇవి స్త్రీల ఇష్టాలకీ ఎంపికలకీ సాక్ష్యాలు, స్త్రీల సొంత దస్తావేజులు అంటారు. నేనూ అన్నాను. షెరటన్ 1790లలో వేసిన నమూనాల పుస్తకంలో 'లేడీస్' అన్న విశేషణం తగిలించిన బల్లల బొమ్మలు చూసి ఒకప్పుడు పొంగిపోయినదాన్నే. ఆ బల్లల్లో రహస్యపు అరలు ఉంటాయి, కింద పట్టు సంచి వేలాడుతుంది, రాసుకోవడానికి పలక బయటికి వస్తుంది. చూస్తే ఒక స్త్రీకి తనదంటూ ఒక చోటు దొరికినట్టే ఉంటుంది.

కానీ ఆ బల్ల ఎవరిది? అప్పటి ఇంగ్లీషు చట్టం ప్రకారం పెళ్లయిన స్త్రీకి వేరుగా చట్టపరమైన ఉనికే లేదు. దీనికి కవర్చర్ అని పేరు. 1765 నుంచి 1769 దాకా బ్లాక్‌స్టన్ అచ్చువేసిన న్యాయ వ్యాఖ్యానాలు దీన్ని వివరంగా చెబుతాయి. పెళ్లినాడు ఆమె చరాస్తి అంతా భర్తదైపోతుంది. డబ్బున్న కుటుంబాలు ముందే ఒప్పందాలు రాయించుకుని కొంత కాపాడుకునేవి. మిగతా వాళ్లకి అదీ లేదు. 'లేడీస్ రైటింగ్ టేబుల్' కూడా చట్టం దృష్టిలో ఆయనదే. ఆమెది కానిదానికి ఆమె పేరు పెట్టడం ఆ వ్యాపారం కనిపెట్టిన కిటుకు. ఈ పరిస్థితి మారడానికి 1870, 1882 చట్టాల దాకా ఆగాల్సి వచ్చింది. జార్జియన్ యుగం అప్పటికి ఎప్పుడో ముగిసిపోయింది.

జేన్ ఆస్టిన్ రాత పెట్టె మనందరికీ తెలిసిందే. ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. 1794లో తండ్రి కొనిచ్చినదని చెబుతారు. 1798లో ప్రయాణంలో ఉండగా ఆ పెట్టెని పొరపాటున వెస్టిండీస్‌కి పోయేవాళ్ల బండిలో ఎక్కించేశారు. అందులో ఆమె దగ్గరున్న 7 పౌన్లూ ఉన్నాయి. గుర్రం మీద మనిషిని పంపి రెండు మూడు మైళ్ల దూరంలో పట్టుకున్నారు. క్లాసులో ఈ కథ చెప్పి పిల్లల్ని నవ్వించేదాన్ని. రెండు విషయాలు మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. ఒకటి, ఆ పెట్టె చట్టప్రకారం ఆమెదిగా ఉండగలిగింది ఆమె పెళ్లి చేసుకోలేదు కాబట్టి. రెండు, వెస్టిండీస్ అనే పేరు ఆ కథలో తమాషాగా వచ్చిన దూరదేశం పేరు కాదు. ఆ కాలపు ఇంగ్లీషు ఇళ్లలో కర్రా చక్కెరా అక్కడి నుంచే వచ్చేవి. పెట్టె దారి తప్పింది అనుకున్నాం గానీ ఆ దారి అంతకుముందే ఉంది.

మనం మురిసిపోవడానికి వీల్లేదు. 'మీకు లేనప్పుడే మాకు స్త్రీధనం ఉంది' అని ఇంగ్లీషు వాళ్లకి చెప్పుకునే అలవాటు మన పండితులకి ఉంది. ధర్మశాస్త్రంలో ఉంది, నిజమే. మా అమ్మమ్మకి సారెతో పాటు ఒక భోషాణం వచ్చింది. ఇంట్లో అందరూ దాన్ని 'అమ్మమ్మ పెట్టె' అనేవాళ్లు. దాని తాళంచెవి మా ముత్తవ్వ బొడ్లో ఉండేది. ఆవిడ పోయాక మా తాతయ్య జంధ్యానికి చేరింది. అమ్మమ్మ పెట్టె తెరవాలంటే అడగాలి. 1956 దాకా మన వితంతువులకి దక్కింది అనుభవించే హక్కే గాని అమ్ముకునే హక్కు కాదు. పెట్టెకి పేరు పెట్టడం వేరు, తాళంచెవి చేతికివ్వడం వేరు. ఈ తేడాని మన ఇళ్లలో చూసిన మనం ఇంగ్లీషు బల్లల దగ్గరికి వెళ్లేసరికి ఎందుకు మర్చిపోతాం?

టీ పెట్టె తాళం సంగతి చూడండి. 1784లో పన్ను తగ్గించే చట్టం వచ్చేదాకా టీ ఆకు మీద సుంకం నూటికి నూరు దాటి ఉండేది. చట్టం దాన్ని పన్నెండున్నర శాతానికి దించింది. అంత ఖరీదైన ఆకు కాబట్టి పెట్టెకి తాళం. తాళంచెవి ఇల్లాలి దగ్గర. దీన్ని 'ఇంటి మీద స్త్రీ అధికారం' అని రాసిన వ్యాసాలు చదివాను. అధికారమే. కానీ ఎవరి మీద? ఆ తాళం భర్త రాకుండా వేసింది కాదు, వంటింటి అమ్మాయి చెయ్యి పెట్టకుండా వేసింది. పైనుంచి తనకి దక్కని హక్కుని కింద ఉన్న స్త్రీ మీద అధికారంగా మార్చి ఇస్తే దాన్ని విముక్తి అని రాయడం నాకు చేతకాదు.

స్త్రీల పేర్లే లేవా అంటే ఉన్నాయి. వీటినీ చూద్దాం. షీల్డ్ ఆకారపు వీపు ఉన్న కుర్చీని ప్రపంచమంతా 'హెపుల్‌వైట్ కుర్చీ' అంటుంది. జార్జి హెపుల్‌వైట్ 1786లో చనిపోయాడు. ఆయన పేరు నిలబెట్టిన నమూనాల పుస్తకం 1788లో వచ్చింది. వేసింది ఆయన భార్య ఆలిస్. పుస్తకం మీద 'ఎ. హెపుల్‌వైట్ అండ్ కంపెనీ' అని ఉంది. ఆయన కార్ఖానాలో తయారైందని రుజువు ఉన్న వస్తువు ఒక్కటీ లేదు. అంటే ఆ పేరు బతికింది ఆలిస్ వేసిన పుస్తకం వల్లే. అయినా సేకరణదారుల నోట్లో హెపుల్‌వైట్ అంటే 'ఆయనే'. ఒక్క అక్షరం 'ఎ' కళ్లముందు ఉండి కూడా కనిపించకుండా పోయింది.

దీనికి వ్యతిరేకంగా హెస్టర్ బేట్‌మన్ ఉంది. లండన్ వెండి పనివాడి భార్య. 1760లో భర్త చనిపోతే 1761లో తన పేరున ముద్ర నమోదు చేయించుకుంది. సంతకం పెట్టడం రాదు. 1790 దాకా వ్యాపారం నడిపింది. ఆమె ముద్ర ఉన్న చెంచా అయినా ఇవాళ సేకరణదారులు ఎగబడి కొంటారు. సంతోషమే. చదువు రాని ఒక విధవరాలు అంత పెద్ద కార్ఖానా నడపడం చిన్న విషయం కాదు. కానీ ఆ ముద్ర కింద సుత్తి పట్టినవాళ్లు, మెరుగు పెట్టినవాళ్లు అనేకమంది ఉన్నారు. బజారుకి కావలసింది చరిత్ర కాదు, ఒక పేరు. ఆ పేరు ఆడదైతే ఇప్పుడు ఇంకా మంచిది, ఇంకా గిరాకీ. ప్రావెనెన్స్‌లో మగ పేరు తీసి ఆడ పేరు పెడితే గోత్రం మారుతుందేమో గానీ గోత్రం అడిగే పద్ధతి మారదు.

చక్కెర గిన్నె కథ ఇంకా చేదు. 1791లో బానిసల వ్యాపారం రద్దు బిల్లు పార్లమెంటులో ఓడిపోయాక ఇంగ్లండులో వెస్టిండీస్ చక్కెర బహిష్కరణ మొదలైంది. ఇంటి సరుకులు కొనేది స్త్రీలు కాబట్టి దాన్ని నడిపించింది ఎక్కువగా స్త్రీలే. ఓటు లేని ఆడవాళ్లు టీ బల్లని రాజకీయ వేదిక చేశారు. నాకు ఆ చరిత్ర మీద గౌరవం ఉంది. తర్వాత 1820లలో 'ఈస్టిండియా చక్కెర, బానిసలు చేసినది కాదు' అని రాసిన గిన్నెలు వచ్చాయి. ఇప్పుడు అవి మ్యూజియంలలో, సేకరణల్లో గర్వంగా కనిపిస్తాయి. 1833లో వచ్చిన బానిసత్వ రద్దు చట్టం ఈస్టిండియా కంపెనీ పాలించే ప్రాంతాలకి వర్తించలేదు. ఇక్కడ బానిసత్వానికి చట్టం గుర్తింపు తీసేసింది 1843లో. గిన్నె మీద రాత చదివి మనసు తేలికపరుచుకున్న ఇల్లాలికి ఇక్కడి పాలేరు, ఇక్కడి వెట్టి కనిపించలేదు. ఆమెని తిట్టడం నా ఉద్దేశం కాదు. మంచి మనసు కూడా చూడ్డానికి ఎంచుకున్నదే చూస్తుందని చెబుతున్నాను.

ఇక మా ఊరి సంగతి.

1682లో ఈస్టిండియా కంపెనీ విశాఖపట్నంలో వర్తక స్థావరం పెట్టింది. పద్దెనిమిదో శతాబ్దం అంతా ఇక్కడి వడ్రంగులు, దంతపు పనివాళ్లు కంపెనీ దొరల కోసం ఇంగ్లీషు నమూనాలు చూసి కుర్చీలు, బీరువాలు, పెట్టెలు చేశారు. రోజ్‌వుడ్, నల్లచేవ కర్రల్లో దంతం పొదిగేవారు. తర్వాత కర్ర కనబడకుండా మొత్తం దంతపు రేకులు తొడిగి, వాటి మీద సన్నగా చెక్కి, గీతల్లో నల్ల లక్క నింపేవారు. దంతం ఎక్కువగా పెగూ నుంచి ఓడల మీద వచ్చేది. అంచుల్లో తిరిగే తీగలూ పూలూ మన కలంకారీ, చీటీ గుడ్డల్లోవి. మధ్యలో ఇంగ్లండు భవనాల బొమ్మలు, అచ్చు చిత్రాలు చూసి చెక్కినవి. ఏనాడూ చూడబోని ఇళ్లని రాయిలాంటి దంతం మీద కిటికీ కిటికీ చెక్కారు. వేలం కేటలాగుల్లో వీటి పేరు 'విజగపటమ్'. ఊరి పేరే పనివాడి పేరైపోయింది.

వీటిలో పేరుపొందినవి మద్రాసు గవర్నరుగా 1773 నుంచి 1775 దాకా చేసిన అలెగ్జాండర్ వించ్ ఇంటి దంతపు కుర్చీలు, సోఫాలు. 1781లో ఆయన చనిపోయాక సామాను వేలం వేస్తే మూడో జార్జి కొని భార్య షార్లెట్‌కి ఇచ్చాడు. ఆమె 1818లో చనిపోయాక ఆమె వస్తువులూ వేలానికొచ్చాయి. అప్పుడు వీటిని కొడుకు, తర్వాత నాలుగో జార్జి అయినవాడు, తిరిగి కొనిపించాడు. ఇప్పటికీ రాజకుటుంబ సేకరణలోనే ఉన్నాయి. గవర్నరు, రాజు, రాణి, రాజు. గోత్రం ఎంత శుభ్రంగా ఉందో చూడండి! చెక్కినవాడు మాత్రం లేడు. అతని ఇంట్లో ఆడవాళ్లు ఏం చేసేవారో నేను చదివిన పుస్తకాల్లో ఒక్క వాక్యమూ లేదు. దంతం అరగదీసిన పొడి ఎవరు ఊడ్చారు? లక్క ఎవరు కాచారు? ఈ ప్రశ్నలు అడిగినవాళ్లే తక్కువ.

ఇది విని మా ఊళ్లో కొందరు పెద్దలు, 'మన విశాఖ కుర్చీలో ఇంగ్లండు రాణి కూర్చుంది' అని ఉప్పొంగుతారు. ఒక సభలో ఈ మాట విన్నాను, చప్పట్లు కూడా విన్నాను. ఇది సేకరణదారు బుద్ధే, జెండా మాత్రం మనది. కుర్చీ విలువ కూర్చున్నవాళ్లని బట్టి అని ఆయన అన్నాడు, మనం కూడా అదే అంటున్నాం. ఆ దంతం కోసం ఎన్ని ఏనుగులు చచ్చాయని అడిగితే అప్పుడు ఆ సంగతి ఎవరూ ఆలోచించలేదంటారు. ఇప్పుడు ఆలోచిస్తున్నారు. బ్రిటన్ 2018లో దంతం అమ్మకాన్ని దాదాపు నిషేధిస్తూ చట్టం చేసింది, 2022 జూన్‌లో అమల్లోకి వచ్చింది. కళాపరంగా అసాధారణమైన 1918కి ముందటి వస్తువులకి, దంతం పదిశాతం కంటే తక్కువున్న 1947కి ముందటి వస్తువులకి మినహాయింపు ఉంది. ఏనుగు కోసం అంత కొలతలతో చట్టం రాయగలిగారు. చేసిన చెయ్యిని గురించి ఒక్క వాక్యం పలక మీద రాయించడానికి మాత్రం ఏ చట్టమూ లేదు.

పాపమంతా తెల్లవాళ్ల నెత్తిన రుద్ది మనం చేతులు కడుక్కోవడం కూడా కుదరదు. హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్తే ఇంగ్లీషు కుర్చీలు, గడియారాలు అన్నీ చూస్తాం. గంట కొట్టే బొమ్మ బయటికొచ్చేదాకా పిల్లల్ని భుజాలెక్కించుకుని నిలబడతాం. ఒక్క మనిషి ఇంత సేకరించాడా అని ఆశ్చర్యపోతాం. ఒక్క మనిషి కాదు. ఆ సేకరణ వెనక జాగీరు ఉంది, జాగీరు వెనక శిస్తు కట్టిన ఊళ్లున్నాయి. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1951లో మ్యూజియం తెరిచారు. మధ్యలో ఉన్న ఆ రెండేళ్ల గురించి ఏ గదిలోనూ చెప్పరు.

"అయితే వీటన్నిటినీ తగలబెట్టమంటావా?" అని ఒక స్నేహితురాలు అడిగింది. లేదు. తగలబెడితే ఆ చేతుల చివరి జాడ కూడా పోతుంది. అందాన్ని చూసి సిగ్గుపడమని కూడా నేను అనడం లేదు. పేదరాలి చెయ్యి తగిలిందని అందం తగ్గదు. నేను అడిగేది చిన్నది. వస్తువు ఎవరిదని అడిగే చోట ఎవరి చేతిదని కూడా అడగండి. 'లేడీస్' అని రాసిన బల్ల కనిపిస్తే తాళంచెవి ఎవరి దగ్గర ఉండేదని అడగండి. పటీనా అని రాసిన చోట తుడుపు అని చదవండి. 2000 తర్వాత ఈ పాత మహాగనీ సామాను ధరలు బాగా పడిపోయాయి, మనలాంటి వాళ్ల ఇళ్లలోకి కూడా వస్తోంది. మనం కొన్నప్పుడైనా పాత లెక్కలోనే కొనకూడదు. విశాఖ దంతపు పని మీద మన విశ్వవిద్యాలయాల్లో ఒక అమ్మాయి పరిశోధన చేస్తానంటే, దొరల వీలునామాలతో పాటు కంసాలి వీధుల్లో ముసలమ్మలనీ అడగమని గైడు చెప్పాలి. స్త్రీల చరిత్ర రాస్తున్నామని చెప్పి సంపన్న స్త్రీల సామాను జాబితా రాయడం ఇక చాలు.

ఆ టీ పెట్టె ఇప్పటికీ నా బల్ల మీద ఉంది. ఆరోజు కేక వేసినందుకు మా ఇంట్లో పనిచేసే ఆమెకి నేను క్షమాపణ చెప్పడానికి చాలా నెలలు పట్టింది. చెబితే నవ్వి, "అదెప్పుడో మర్సిపోనానమ్మా" అంది. మర్చిపోలేదని ఇద్దరికీ తెలుసు. దాన్ని ఆమే తుడుస్తుంది, పొడిగుడ్డతో, తనకి తోచినప్పుడు. నెలజీతం పెంచాను. పెంచినది పటీనాకి కాదు, పనికి. అది ఎప్పుడో చెయ్యవలసింది.

అమ్మినాయన లోపమన్న ఆ మచ్చ దగ్గర నా వేలు తరచూ ఆగుతుంది. తాళం పెకలించిన మనిషి ఎవరో, గుప్పెడు టీ ఆకు కోసమో, తాళంచెవి పోగొట్టుకునో, నాకు తెలిసే దారి లేదు. కానీ ఆ పెట్టె మొత్తంలో యజమాని అనుమతి లేకుండా పడ్డ గీత అదొక్కటే. ధర తగ్గించింది కూడా అదొక్కటే.